ఫౌండేషన్ ఏడాదా, నేరుగా డిగ్రీయా: 54 లక్షల తేడా ఎక్కడ వస్తోంది?

ప్రశ్న: మా అబ్బాయి ఈ ఏడాది ఇంటర్ ఎంపీసీ 78 శాతంతో పాసయ్యాడు. ఇంగ్లండ్‌లో కంప్యూటర్ సైన్స్ చదవాలని వాడి కోరిక. ఐఈఎల్‌టీఎస్‌లో మొత్తం మీద 6 వచ్చింది, రైటింగ్‌లో మాత్రం 5.5. రెండు ఆఫర్లు చేతిలో ఉన్నాయి. ఒకటి, పేరున్న యూనివర్సిటీకి అనుబంధంగా నడిచే కాలేజీలో ఏడాది ఫౌండేషన్, ఫీజు 19,000 పౌండ్లు. అది పాసైతే ఆ యూనివర్సిటీలోనే మూడేళ్ల డిగ్రీ, ఏడాదికి 21,000. రెండోది, అంత పేరు లేని యూనివర్సిటీలో నేరుగా మొదటి సంవత్సరం, ఏడాదికి 16,000. కాకపోతే రైటింగ్‌లో 6 తెచ్చుకోవాలని షరతు. రెండూ లండన్ బయటే. ఉండటానికి, తిండికి ఏడాదికి 11,000 అవుతుందట. వాడి చదువుకోసం 45 లక్షలు దాచాం, సగం ఎఫ్‌డీలు, సగం మ్యూచువల్ ఫండ్లు. ఇద్దరం ఉద్యోగులం, నెలకు 60 వేలు మిగులుతుంది. సొంతిల్లు ఉంది, అప్పుల్లేవు. పాప పదో తరగతి. మావారికి ఇంకా ఎనిమిదేళ్ల సర్వీసు ఉంది. కన్సల్టెంటు ఫౌండేషనే సేఫ్ అంటున్నారు, పార్ట్‌టైమ్ ఉద్యోగంతో ఖర్చులు గడిచిపోతాయంటున్నారు. డిపాజిట్‌కు మూడు వారాలే గడువు. ఏం చేయమంటారు?

జవాబు: ముందు రెండు దారుల లెక్కా కాగితం మీద పెడదాం. పౌండును 120 రూపాయలు అనుకుంటున్నాను. నేరుగా చేరితే మూడేళ్ల ఫీజులు 48,000, ఖర్చులు 33,000, మొత్తం 81,000 పౌండ్లు. అంటే సుమారు 97 లక్షలు. ఫౌండేషన్ దారిలో నాలుగేళ్లకు ఫీజులు 82,000, ఖర్చులు 44,000, కలిపి 1,26,000 పౌండ్లు. అంటే కోటీ 51 లక్షలు. తేడా 54 లక్షలు.

ఈ 54 లక్షలను ఒకే ముద్దగా చూడకండి. ఇందులో 36 లక్షలు కేవలం ఫౌండేషన్ ఏడాది ఖరీదు. మిగతా 18 లక్షలు ఆ పేరున్న యూనివర్సిటీ మూడేళ్లలో ఎక్కువ తీసుకునే ఫీజు. పేరుకోసం 18 లక్షలు పెట్టవచ్చా అన్నది ఒక ప్రశ్న. ఆ పేరు దాకా వెళ్లడానికి 36 లక్షల టికెట్ కొనాలా అన్నది వేరే ప్రశ్న. కన్సల్టెంటు దగ్గర ఈ రెండూ కలిసిపోయి 'మంచి యూనివర్సిటీ' అన్న ఒక్క మాటగా వినిపిస్తాయి.

ఇప్పుడు మీ జేబు సంగతి. 45 లక్షలు ఉన్నాయి, నెలకు 60 వేల చొప్పున మూడేళ్లలో ఇంకో 21 లక్షల 60 వేలు జమవుతాయి. నేరుగా చేరితే సుమారు 30 లక్షల లోన్ సరిపోతుంది. ఫౌండేషన్ దారిలో నాలుగేళ్ల పొదుపు కలిపినా 77 లక్షల లోన్ కావాలి. 10 శాతం వడ్డీతో పదేళ్లకు కడితే మొదటిదానికి ఈఎంఐ నెలకు 40 వేల దగ్గర, రెండోదానికి లక్ష పైనే. చదువు సాగినన్నాళ్లూ పడే వడ్డీని ఇందులో కలపలేదు. మీవారికి మిగిలిన సర్వీసులో సగం ఆ నాలుగేళ్లలోనే అయిపోతుంది. పాప ఇంటర్ పూర్తిచేసి డిగ్రీలో చేరే ఏడాదే అబ్బాయి చివరి సంవత్సరం ఫీజు కూడా పడుతుంది. నేరుగా చేరితే పాప చేరేనాటికి వాడి చదువు ముగుస్తుంది. మీ ఉత్తరంలో పాప గురించి ఒక్క వాక్యమే ఉంది. ఈ లెక్కలో మాత్రం ఆ అమ్మాయికి సమానమైన చోటు ఉండాలి.

ఇంత డబ్బు పెట్టి ఫౌండేషన్ తీర్చే లోటు ఏమిటి? నిర్ణయం దీని మీదే ఆధారపడాలని నా నమ్మకం. ఇంటర్‌లో చదవని సబ్జెక్టులోకి మారే పిల్లలకు అది నిజంగా అవసరం. బైపీసీ చదివి ఎకనామిక్స్‌కు వెళ్లాలనుకున్న ఒక అమ్మాయి తల్లిదండ్రులకు ఫౌండేషనే తీసుకోమని చెప్పాను, ఆ అమ్మాయికి లెక్కల పునాది అక్కడే పడింది. మార్కులు మరీ తక్కువై ఏ యూనివర్సిటీ నేరుగా తీసుకోకపోయినా అది దారే. మీవాడిది ఆ పరిస్థితి కాదు. లెక్కలు, ఫిజిక్స్ చదివాడు, 78 శాతం తెచ్చుకున్నాడు, ఒక యూనివర్సిటీ రమ్మంటోంది. వాడికి తక్కువైంది ఇంగ్లిష్ రాయడంలో అర మార్కు. అర మార్కుకు 36 లక్షల మందు వద్దు.

ఆ లోటుకు చవకైన మార్గాలున్నాయి. రెండు నెలలు కూర్చుని రైటింగ్ సాధన చేసి పరీక్ష మళ్లీ రాయవచ్చు. ఐఈఎల్‌టీఎస్‌ను కంప్యూటర్‌లో రాసినవాళ్లకు ఒక్క విభాగాన్నే మళ్లీ రాసే అవకాశం ఉంది, మొదటి పరీక్ష రాసిన 60 రోజుల్లోపు రాయాలి. ఆ స్కోరును ఒప్పుకుంటారో లేదో యూనివర్సిటీని ముందే అడగండి. ఇదీ కాకపోతే చాలా బ్రిటిష్ యూనివర్సిటీలు డిగ్రీకి ముందు వేసవిలో ప్రీ-సెషనల్ పేరుతో కొన్ని వారాల ఇంగ్లిష్ కోర్సు నడుపుతాయి. దానికీ ఖర్చుంది, కానీ ఆ ఖర్చు వారాల్లోనే ముగుస్తుంది.

పేరున్న యూనివర్సిటీ మీదే మనసుంటే, దాని అడ్మిషన్ల ఆఫీసుకు అబ్బాయినే నేరుగా మెయిల్ రాయమనండి. బ్రిటిష్ యూనివర్సిటీలు తమ వెబ్‌సైట్‌లో భారతదేశానికి వేరే పేజీ పెడతాయి. సీబీఎస్ఈ, ఐఎస్‌సీ, రాష్ట్ర బోర్డులకు ఎంత శాతం కావాలో అక్కడ విడివిడిగా ఉంటుంది, రాష్ట్ర బోర్డులకు సాధారణంగా కాస్త ఎక్కువ అడుగుతారు. 'ఇంటర్నేషనల్ ఇయర్ వన్' ఉందా అని కూడా అడగాలి. అది డిగ్రీ మొదటి ఏడాదికి సమానం, పాసైతే నేరుగా రెండో ఏడాదిలోకి వెళ్తాడు, మొత్తం మూడేళ్లే. ఇక్కడే గుర్తింపున్న కాలేజీలో డిగ్రీ మొదటి సంవత్సరం పూర్తిచేసినవాళ్లను ఫౌండేషన్ లేకుండా తీసుకునే యూనివర్సిటీలూ చాలా ఉన్నాయి. ఏడాది ఎలాగూ పోయేదైతే ఇంటి దగ్గరే గడపడం ఎంతో చవక. పైగా పదిహేడేళ్ల పిల్లాడికి ఇంకో ఏడాది ఎదిగే సమయం దొరుకుతుంది.

వెబ్‌సైట్లు చూసేటప్పుడు ఒక జాగ్రత్త. కొన్నిచోట్ల ఫౌండేషన్ ఫీజు 5,760 పౌండ్లని కనిపిస్తుంది. అది ఇంగ్లండ్‌లో కొన్ని సబ్జెక్టుల ఫౌండేషన్‌కు అక్కడి విద్యార్థుల కోసం బ్రిటన్ ప్రభుత్వం పెట్టిన పరిమితి, మన పిల్లలకు వర్తించదు.

ఇక 'సేఫ్' అన్న మాట. ఫౌండేషన్ చేసినంతమాత్రాన డిగ్రీ సీటు రాదు. మొత్తం మీద ఇంత శాతం, లెక్కల్లో ఇంత, ఇంగ్లిష్‌లో ఇంత అని షరతులుంటాయి. అవి అందుకుంటేనే ఆ యూనివర్సిటీలో ఆ కోర్సు. లేకపోతే వేరే కోర్సో, వేరే యూనివర్సిటీయో చూపిస్తారు. అప్పుడు 36 లక్షలూ పెట్టి, ఇప్పుడు నేరుగా వస్తున్న సీటులాంటి దాంట్లోనే చేరాల్సి రావచ్చు. అందుకే కాలేజీని రాతపూర్వకంగా అడగండి: పోయినేడు ఫౌండేషన్‌లో చేరినవాళ్లలో ఎంతమంది సరిగ్గా ఈ యూనివర్సిటీలో ఈ కంప్యూటర్ సైన్స్ డిగ్రీలోకి వెళ్లారు? 'ఇంతమంది యూనివర్సిటీలో చేరారు' అని జవాబొస్తే, మీరడిగిన ప్రశ్నకు అది జవాబు కాదు. కన్సల్టెంటుకు ఎవరు ఎంత కమీషన్ ఇస్తారో కూడా మొహమాటం లేకుండా అడగండి. చాలామందికి విద్యార్థి చేరితే కాలేజీయే డబ్బిస్తుంది. అందులో తప్పు లేదు, కానీ ఆ సలహాను మీరు తూచేటప్పుడు అది తెలిసి ఉండాలి.

నేరుగా చేరడంలో రిస్క్ లేదని నేననను. అక్కడి చాలా యూనివర్సిటీల్లో మొదటి ఏడాది మార్కులు చివరి డిగ్రీ క్లాసులోకి రావు, కానీ 40 శాతం తెచ్చుకుని పాసవ్వాలి. వారాల తరబడి రాసే అసైన్‌మెంట్లు, ఎక్కడినుంచి తీసుకున్నారో చూపే పద్ధతి, ఎవరూ హాజరు కోసం వెంటపడకపోవడం మన పిల్లలకు కొత్త. అబ్బాయి తట్టుకోలేక ఏడాది మళ్లీ చదవాల్సి వస్తే 27,000 పౌండ్లు, అంటే 32 లక్షలు పోతాయి. వీసాకూ ఇబ్బంది. అప్పుడు ఫౌండేషన్ వద్దనుకుని చేసిన 36 లక్షల ఆదా దాదాపు మొత్తం కొట్టుకుపోతుంది. వాడు తనంతట తాను కూర్చుని చదివే రకమా, ఇంటర్ అంతా కాలేజీ వాళ్లు కూర్చోబెడితేనే చదివాడా? ఈ ప్రశ్నకు మీ ఇంట్లో నిజాయితీగా జవాబు చెప్పుకోండి. రెండోదైతే ఏడాది ఇక్కడే డిగ్రీలో పెట్టి చూడమంటాను.

పార్ట్‌టైమ్ ఉద్యోగం మాట పూర్తిగా పక్కన పెట్టేయండి. డిగ్రీ విద్యార్థికి టర్మ్ రోజుల్లో వారానికి 20 గంటల పని అనుమతి ఉంటుంది. డిగ్రీ కంటే కింది స్థాయి కోర్సు చదివేవాళ్లకు 10 గంటలే, విడిగా నడిచే ఫౌండేషన్ ఆ కింది స్థాయిలోకే వస్తుంది. 10 గంటల జీతంతో ఏడాదికి 11,000 పౌండ్ల ఖర్చు గడవదు. పిల్లాడు ఎంత సంపాదించినా దాన్ని అదనంగా చూడండి, బడ్జెట్‌లో రాయొద్దు. ఫౌండేషన్‌కూ డిగ్రీకీ విడివిడిగా వీసా తీసుకోవాల్సి వస్తే రెండోసారి దరఖాస్తు ఫీజు, దాంతోపాటు ఏడాదికి 776 పౌండ్ల హెల్త్ సర్‌చార్జ్ ఇంకో ఏడాదికి పెరుగుతాయి. పైగా 2027 జనవరి 1 నుంచి దరఖాస్తు చేసే డిగ్రీ విద్యార్థులకు చదువయ్యాక ఉండి పనిచేసుకునే గ్రాడ్యుయేట్ వీసా రెండేళ్లు కాదు, 18 నెలలే. రెండు దారుల్లో ఏది పట్టినా మీవాడికి ఆ 18 నెలలే. లోన్ మాత్రం ఒకచోట 30 లక్షలు, ఇంకోచోట 77.

వీసాకు చూపే డబ్బు గురించి ఇప్పుడే కదలాలి. మొదటి ఏడాది ఫీజులో కట్టగా మిగిలింది, దానికి తోడు తొమ్మిది నెలల ఖర్చు ఖాతాలో వరుసగా 28 రోజులు ఉండాలి. లండన్ బయట ఆ ఖర్చు నెలకు 1,171 పౌండ్లుగా, మొత్తం 10,539గా పెట్టారు. మ్యూచువల్ ఫండ్లు దీనికి లెక్కలోకి రావు, కాబట్టి కావలసినంత ముందే అమ్మి బ్యాంకులోకి తెచ్చుకోండి. మార్కెట్ ఇంకాస్త పెరుగుతుందని ఆగొద్దు. లోన్ మంజూరు పత్రం ఉంటే అదీ చెల్లుతుంది. డబ్బు పంపేటప్పుడు ఒక్కొక్కరికి ఆర్థిక సంవత్సరంలో 10 లక్షలు దాటిన భాగం మీద టీసీఎస్ (ముందుగానే వసూలు చేసే పన్ను) పట్టుకుంటారు, చదువు కోసం బ్యాంకు ఇచ్చిన లోన్ డబ్బుకు పట్టుకోరు. మీరిద్దరూ విడివిడిగా పంపితే ఇద్దరికీ ఆ పరిమితి వర్తిస్తుంది. పట్టుకున్నది ఎక్కడికీ పోదు, రిటర్న్‌లో సర్దుబాటవుతుంది. పాత పన్ను విధానంలో ఉంటే ఈ లోన్ వడ్డీకి మినహాయింపు కూడా ఉంది.

నా సలహా: నేరుగా ఉన్న ఆఫర్ తీసుకోండి, ఆ కోర్సు సరైనదని తేలితే. బ్రిటన్‌లో డిస్కవర్ యూని అనే అధికారిక వెబ్‌సైట్ ఉంది. ఒక్కో కోర్సులో ఎంతమంది రెండో ఏడాదికి కొనసాగారు, చదువయ్యాక ఏం సంపాదిస్తున్నారు అన్న వివరాలు అందులో ఉంటాయి. ఆ డిగ్రీకి బీసీఎస్ (బ్రిటన్‌లోని కంప్యూటర్ నిపుణుల సంస్థ) గుర్తింపు ఉందో, మధ్యలో ఏడాది కంపెనీలో పనిచేసే ప్లేస్‌మెంట్ ఉందో చూడండి. ఇవి బాగుంటే యూనివర్సిటీ పేరు చిన్నదని దిగులు వద్దు. బాగోకపోతే ఈ రెండు ఆఫర్లలో ఏదో ఒకటి తీసుకోవాల్సిందేనన్న టెన్షన్ పెట్టుకోకండి. ఏడాది ఇక్కడ డిగ్రీలో చేర్పించి, వచ్చే ఏడాది మంచి చోట్లకు మళ్లీ దరఖాస్తు చేయించండి.

మూడు వారాల గడువు చూసి డిపాజిట్ కట్టేయకండి. రీఫండ్ నిబంధనలు ముందు చదవండి. వీసా రాకపోతే వెనక్కి ఇస్తారో లేదో, మనసు మార్చుకుంటే ఎంత ఉంచుకుంటారో రాసి ఉంటుంది. గడువు పొడిగించమని అబ్బాయి చేత ఈరోజే ఒక మెయిల్ పెట్టించండి, అడిగితే ఇచ్చే యూనివర్సిటీలు తక్కువేం కాదు. అదే మెయిల్‌లో ప్రీ-సెషనల్ గురించీ, ఒక్క విభాగం మళ్లీ రాసిన స్కోరు గురించీ అడగమనండి. జవాబులు వచ్చాక అవి నాకు పంపితే, మీ బ్యాంకు ఇచ్చే వడ్డీ రేటుతో ఈ లెక్క మళ్లీ వేసిస్తాను.