సెమీ హాలో గిటార్ కొనబోతున్న మేనల్లుడికి

చిరంజీవి మేనల్లుడికి,

మామయ్య ఆశీస్సులు. తక్కువ బడ్జెట్‌లో సెమీ అకూస్టిక్ ఎలక్ట్రిక్ గిటార్ ఒకటి కొని, తర్వాత ఒక్కో పార్టూ మార్చుకుంటూ పోతానని రాశావు. మంచి ఆలోచనే. కాకపోతే ఏది మారుతుందో, ఏది మారదో ముందు తెలుసుకో. పికప్‌లు (తీగ మోతని కరెంటు సిగ్నల్‌గా మార్చేవి), పాట్‌లు (వాల్యూమ్, టోన్ తిప్పేవి), నట్ (నెక్ పైకొసన తీగలు ఆనే గాళ్ల పట్టీ), బ్రిడ్జి, ట్యూనర్లు ఎప్పుడైనా మార్చుకోవచ్చు. నెక్ బాడీకి అతికిన కోణం, నెక్ నిటారుతనం, ఫ్రెట్‌లు కొట్టిన తీరు బాగుచేయాలంటే మాత్రం గిటార్ ఖరీదుకు మించి ఖర్చవుతుంది. అందుకే కొనేటప్పుడు మారనివాటినే చూడు. పికప్‌లు నాసిరకంగా ఉన్నా నెక్ బాగుంటే తీసుకో. నెక్ బాగాలేకపోతే పికప్‌లు ఎంత గొప్పవైనా వదిలేయ్.

షాపులో అడిగేటప్పుడు ఒక జాగ్రత్త. మన దగ్గర "సెమీ అకూస్టిక్" అంటే చాలామంది సేల్స్ వాళ్లు పికప్ బిగించిన మామూలు అకూస్టిక్ గిటారే చేతిలో పెడతారు: నడుమ గుండ్రటి రంధ్రం, పక్కన ఈక్వలైజర్, లోపల బ్యాటరీ. నీకు కావలసింది అది కాదు. "సెమీ హాలో" అనో, "335 మోడల్" అనో అడుగు. 1958లో గిబ్సన్ తెచ్చిన ఈఎస్-335 ఈ జాతికి మూలం. పల్చని బాడీ, ఎఫ్ అక్షరం ఆకారంలో రెండు రంధ్రాలు, రెండు పక్కలా బోలు, నడుమ పొడుగునా గట్టి చెక్క దిమ్మ. తీగ మోత ఎక్కువసేపు నిలబడటానికీ, ఆంప్ పెంచినా గిటార్ ఊరికే ఊళపెట్టకుండా ఉండటానికీ ఆ దిమ్మే కారణం.

తక్కువ ధరలో చూడదగ్గవి ఐబనీజ్ ఆర్ట్‌కోర్‌లో ఏఎస్73, ఎపిఫోన్ ఈఎస్-335, సెకండ్‌హ్యాండ్‌లో దొరికే ఎపిఫోన్ డాట్, గ్రెచ్ స్ట్రీమ్‌లైనర్‌లో సెంటర్ బ్లాక్ రకం. ఐబనీజ్‌లో ఏఎఫ్ అని మొదలయ్యేవీ, ఎపిఫోన్ క్యాసినో కూడా చూడ్డానికి ఇలాగే ఉంటాయి గానీ లోపల దిమ్మ ఉండదు, పూర్తిగా బోలు. అవి చెడ్డవని కాదు. మెల్లగా జాజ్ వాయించుకునేవాళ్లకు హాయిగా ఉంటాయి. నువ్వు బ్యాండ్‌లో డిస్టార్షన్ పెట్టి వాయిస్తానంటున్నావు కాబట్టి నీకు దిమ్మ ఉన్నదే పనికొస్తుంది. అనుమానం వస్తే ఎఫ్ రంధ్రంలోకి ఫోన్ టార్చ్ వేసి చూడు, పక్కగోడలా చెక్క కనబడుతుంది.

డబ్బంతా గిటార్ మీదే పెట్టకు. చేతిలో ఉన్నదాంట్లో మూడొంతులు గిటార్‌కి, మిగతాది మంచి కేబుల్, తీగలు, సెటప్, ఆ తర్వాత పార్టులకు ఉంచుకో.

చేతిలోకి తీసుకున్నాక ముందు హెడ్‌స్టాక్ వైపు నుంచి నెక్ అంచు వెంబడి బ్రిడ్జి దాకా చూపు సారించు. ఎడమ అంచూ కుడి అంచూ ఒకేలా సాగాలి. ఒకటి పైకి, ఒకటి కిందికి తిరిగితే నెక్ మెలిపడినట్టే, ట్రస్ రాడ్ (నెక్ లోపల వంపు సరిచేసే కడ్డీ) దాన్ని సరిచేయలేదు. తర్వాత నట్ వెనకాల, హెడ్‌స్టాక్ వంగే చోట వేలితో తడుము. హెడ్‌స్టాక్ వెనక్కి వాలి ఉండే గిటార్లు కిందపడితే విరిగేది అక్కడే. పాలిష్ కింద వెంట్రుకలాంటి గీత తగిలితే వదిలేయ్. బ్రిడ్జి ఎత్తు కూడా చూడు. దాన్ని పూర్తిగా కిందికి దించేసినా తీగలు ఇంకా ఎత్తుగానే ఉంటే నెక్ కోణం తప్పు. ట్రస్ రాడ్ కవర్ తీసి చూపించమని అడుగు. లోపలి ట్రస్ రాడ్ నట్టు మూలలు అరిగి గుండ్రమై ఉంటే ఎవరో బలవంతంగా తిప్పారని అర్థం.

సెకండ్‌హ్యాండ్ అయితే మల్టీమీటర్ పట్టుకెళ్లు. గిటార్‌లో కేబుల్ గుచ్చి, వాల్యూమ్, టోన్ అన్నీ నిండుగా తిప్పి, అవతలి ప్లగ్ కొనకీ పక్క లోహానికీ మీటర్ పెట్టు. స్విచ్ ఒక్కో పికప్ మీద ఉన్నప్పుడు హంబకర్ (రెండు కాయిళ్ల పికప్) అయితే సాధారణంగా 7 నుంచి 9 కిలో ఓమ్‌లు చూపిస్తుంది, నడుమ పెడితే సుమారు సగం. ఎక్కడైనా 500 కిలో ఓమ్‌ల దరిదాపుల్లో చూపిస్తే ఆ పికప్ కాయిల్ గానీ దాని వైరు గానీ తెగింది, మీటర్ చూపిస్తున్నది ఒట్టి వాల్యూమ్ పాట్‌ని. ధర తగ్గించమని అడగడానికి అది గట్టి ఆధారం.

ఇంటికి తెచ్చాక మొదటి నెల ఏ పార్టూ మార్చకు. కొత్త 10-46 తీగల సెట్టు (సన్న తీగ, లావు తీగల మందం అంగుళంలో వెయ్యో వంతుల్లో) వేసి సెటప్ చెయ్యి. తీగలన్నీ ఒకేసారి విప్పితే ఈ రకంలో బ్రిడ్జి, దాని వెనక తోకకడ్డీ రెండూ ఊడి బాడీ మీద పడి పాలిష్ చెక్కేస్తాయి. అందుకని ఒక్కో తీగే మార్చు, లేదా వాటి కింద మెత్తటి గుడ్డ పరిచి ఉంచు. శ్రుతి చేశాక మొదటి ఫ్రెట్ మీద కాపో (తీగలన్నిటినీ నొక్కి పట్టే క్లిప్పు) బిగించి, ఆరో తీగని, అంటే అన్నిటికన్నా లావుదాన్ని, ఆఖరి ఫ్రెట్ దగ్గర నొక్కు. ఏడో ఫ్రెట్‌కీ తీగకీ నడుమ 0.2 నుంచి 0.25 మి.మీ. ఖాళీ ఉండాలి, దీన్నే రిలీఫ్ అంటారు. ఎక్కువుంటే ట్రస్ రాడ్‌ని గడియారం ముల్లు తిరిగే వైపు పావు చుట్టు తిప్పి, మళ్లీ శ్రుతి చేసి కొలువు. ఒకేసారి అంతకు మించి వద్దు. గిటార్‌తో వచ్చిన రెంచే వాడు, దాదాపుగా సరిపోయే మరో రెంచ్‌తో తిప్పితే ట్రస్ రాడ్ నట్టు అరిగిపోతుంది.

ఆ తర్వాతే ఎత్తు. పన్నెండో ఫ్రెట్ దగ్గర ఆరో తీగ కింద 2 మి.మీ., మొదటి తీగ కింద 1.6 మి.మీ. ఉంటే బరబర లేకుండా హాయిగా నొక్కగలవు. బ్రిడ్జి పైకి లేపేటప్పుడు తీగలు కాస్త వదులు చెయ్యి, బిగువు మీద తిప్పితే మరలు పాడవుతాయి. చివర్లో ఇంటొనేషన్, అంటే నెక్ పొడుగునా శ్రుతి సరిపోవడం: పన్నెండో ఫ్రెట్ మీద హార్మోనిక్ (తీగని నొక్కకుండా తాకి మీటితే వచ్చే స్వరం), అదే చోట నొక్కిన స్వరం రెండూ ట్యూనర్‌లో పోల్చు. నొక్కిన స్వరం ఎక్కువైతే సాడిల్‌ని (బ్రిడ్జి మీద ఆ తీగ ఆనే ముక్కని) తోకవైపు జరుపు, తక్కువైతే నెక్ వైపు. ఈ మూడూ ఇదే వరసలో చెయ్యాలి. రిలీఫ్ మారితే ఎత్తు మారుతుంది, ఎత్తు మారితే ఇంటొనేషన్ మారుతుంది. విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు గాలిలో బాడీ ప్లైవుడ్ పొరలది కాబట్టి పెద్దగా కదలదు గానీ నెక్ కదులుతుంది. వేసవిలో ఒకసారి, వానలు పడ్డాక ఒకసారి రిలీఫ్ చూసుకో.

శ్రుతి నిలవట్లేదని అందరూ ముందు ట్యూనర్ల మీద పడతారు. నా లెక్కలో తప్పు ఎక్కువగా నట్‌ది. ట్యూనర్ తిప్పుతుంటే తీగ కదలక ఆగి, టింగుమని ఒక్కసారి జారిందంటే నట్ గాడి పట్టేస్తోంది. మూడో తీగకి ఈ జబ్బు మరీ ఎక్కువ, నట్ దాటగానే పక్కకు వంగి ట్యూనర్‌కి వెళ్తుంది కదా. గాడిలో పెన్సిల్ ములుకు రుద్దితే కొన్నాళ్లు ఆగుతుంది. ఎత్తు సంగతీ చూడు: తీగని మూడో ఫ్రెట్ మీద నొక్కి, మొదటి ఫ్రెట్ పైన ఖాళీ గమనించు. సన్నటి కాగితం దూరితే చాలు. అంతకన్నా ఎత్తుంటే ఒక్క వేలితో తీగలన్నీ అడ్డంగా నొక్కే ఎఫ్ బార్ కార్డ్ పట్టినప్పుడు వేళ్లు నొప్పెడతాయి, పైగా మొదటి ఫ్రెట్ స్వరాలు శ్రుతి మించి పలుకుతాయి. నీ మొదటి అప్‌గ్రేడ్ ఇదే కావాలి: ఎముక నట్ గానీ, గ్రాఫ్‌టెక్ కంపెనీ టస్క్ నట్ గానీ. కొనేముందు పాత నట్ వెడల్పు, మందం, తీగల మధ్య దూరం మూడూ కొలువు. వెడల్పు ఒక్కటే చూసి కొంటే మందం కుదరక ఫ్రెట్‌బోర్డ్ చివర మెట్టు తేలుతుంది. గాళ్లు కోసే ఆకురాళ్లు ఖరీదు, ఈ ఒక్కపని లూథియర్‌కి (గిటార్లు బాగుచేసేవాడికి) ఇచ్చెయ్యి.

ఇక రెండోది, లోపలి వైరింగ్. చవక గిటార్లలో పాట్‌లు చిన్నవి, స్విచ్ కొన్నాళ్లకే కరకరమంటుంది, జాక్ వదులవుతుంది. కావలసినవి నాలుగు 500 కిలో ఓమ్ లాగ్ పాట్‌లు, రెండు 0.022 మైక్రోఫ్యారడ్ ఫిల్మ్ కెపాసిటర్లు, ఒక మూడు స్థానాల టాగుల్ స్విచ్, ఒక మోనో జాక్, రెండు మీటర్ల షీల్డ్ వైరు. కెపాసిటర్ మీద 223 అని ఉంటుంది. పాట్ మీద ఏ500కే అని ఉంటే లాగ్, బీ500కే అని ఉంటే లీనియర్. లీనియర్ వేస్తే వాల్యూమ్ అంతా ఒక చివర్లోనే మారినట్టుంటుంది. హైదరాబాద్ కోఠీ గుజరాతీ గల్లీలోనో, చెన్నై రిచీ స్ట్రీట్‌లోనో సోల్డరింగ్ ఐరన్, మల్టీమీటర్, వైరు, కెపాసిటర్లు దొరుకుతాయి. పాట్‌లు మాత్రం గిటార్ పార్టులు అమ్మేవాళ్ల దగ్గరే తీసుకో. ప్రతి పాట్‌నీ మీటర్‌తో కొలిచి, ఎక్కువ చూపించిన రెండింటినీ వాల్యూమ్‌కి వాడు, పదును తగ్గదు.

ఆర్డర్ పెట్టేముందు రెండు కొలతలు చూసుకో. ఒకటి, బాడీ మీద పాట్ రంధ్రం. ఆసియా గిటార్లలో తరచుగా 8 మి.మీ. లేదా అంతకన్నా తక్కువ. అమెరికన్ కంపెనీ సీటీఎస్ పాట్‌కి దాదాపు 9.5 మి.మీ. కావాలి. పల్చటి ప్లై పలకని డ్రిల్లుతో పెద్దది చేస్తే పాలిష్ పెచ్చులూడుతుంది. అందుకని ఉన్న రంధ్రానికి సరిపోయే పాట్‌లే కొను. రెండు, లోపలికి పోయే దారి. పెద్ద పాట్ వ్యాసం 24 మి.మీ. ఉంటుంది, నీ ఎఫ్ రంధ్రం అంత వెడల్పు లేకపోతే దూరదు. బ్రిడ్జి పికప్ తీసి చూడు, కొన్నిట్లో దిమ్మకి అక్కడ పక్కకు గండి కొట్టి ఉంటుంది, ఆ దారిన పంపొచ్చు. రెండు దారులూ లేకపోతే 16 మి.మీ. పాట్‌లు తెచ్చుకో. పాత నాబ్‌లు కొత్త ఇరుసులకి పట్టకపోవచ్చు, పళ్ల లెక్క వేరు, నాబ్‌లు కూడా కలిపి కొను.

వెనకాల మూత లేని గిటార్ ఇది, అసలు కష్టమంతా అక్కడే. ఏదీ విప్పకముందు ఒక అట్టముక్క మీద నాలుగు పాట్ రంధ్రాల దూరాలూ గుర్తుపెట్టి, అదే కొలతకి బెజ్జాలు చెయ్యి. కొత్త పాట్‌లని ఆ అట్టకి బిగించి, సోల్డరింగ్ అంతా బల్ల మీదే పూర్తి చెయ్యి. పాట్ వీపుకి ఎర్త్ వైరు అతకాలంటే ముందు గరుకు కాగితంతో రుద్దు, 40 వాట్ల ఐరన్ పెట్టి నాలుగైదు సెకన్లలో ముగించు. ఎక్కువసేపు కాల్చితే లోపలి పట్టీ పోతుంది. లోపల షీల్డ్ పెయింట్ వేసే వీల్లేదు కాబట్టి ప్రతి వైరూ షీల్డ్‌దే కావాలి, లేకపోతే హమ్మింగ్ తప్పదు. గిటార్ లోపలికి దూర్చకముందే పికప్‌లు కూడా అతికి, ఆంప్‌కి తగిలించి, తీగ బదులు స్క్రూడ్రైవర్‌తో పికప్ మీద తట్టి చూడు. లోపల పెట్టాక తప్పు బయటపడితే మొత్తం మళ్లీ బయటికి లాగాలి.

పాత పాట్ నట్టు విప్పి లోపలికి నెట్టే ముందు ఇరుసుకి బలమైన దారం కట్టు. పాతది ఎఫ్ రంధ్రంలోంచి బయటికి వచ్చేసరికి దారం లోపలే దారి పట్టి ఉంటుంది. దాని కొన కొత్త పాట్‌కి కట్టి పైనుంచి లాగితే, పైజామాకి బొందు ఎక్కించినట్టు పాట్ తన రంధ్రంలోకి వచ్చేస్తుంది. దారం జారిపోతుంటే, ఇరుసుకి బిగుతుగా పట్టే అక్వేరియం గొట్టం ముక్క తొడుగు. ఎఫ్ రంధ్రం అంచుల చుట్టూ ముందే మాస్కింగ్ టేప్ అంటించు. జాక్ నట్టు బిగించేటప్పుడు జాక్ లోపల తిరిగిపోకుండా పట్టుకో, రెండు చుట్లు తిరిగినా వైరు తెగుతుంది. అలాగే తోకకడ్డీ మేకు కిందనుంచి వచ్చే ఎర్త్ వైరుని మరిచిపోవద్దు. అన్నీ అయ్యాక తీగలు ముట్టుకుంటే హమ్ తగ్గాలి. ముట్టుకున్నా ఏ మార్పూ లేకపోతే ఆ వైరు ఎక్కడో ఊడింది.

ఐరన్ చేతిలో ఉండగానే ఖర్చులేని మార్పు ఒకటి చెయ్యి. టోన్ వైరుని వాల్యూమ్ పాట్‌లో పికప్ వచ్చే కాలికి కాకుండా నడిమి కాలికి అతుకు. వాల్యూమ్ తగ్గించినా స్వరం మసకబారదు. వాల్యూమ్, టోన్ ఒకదాన్నొకటి కొద్దిగా లాగుతాయి, నాలుగు రోజుల్లో చేతికి అలవాటవుతుంది.

పికప్‌లు ఆఖరికి. ముందు ఉన్నవాటి ఎత్తు సరిచెయ్యి: తీగ ఆఖరి ఫ్రెట్ మీద నొక్కి, బ్రిడ్జి పికప్ సన్న తీగ వైపు 1.6, లావు తీగ వైపు 2.2 మి.మీ., నెక్ పికప్ ఇంకాస్త కిందికి. చాలాసార్లు ఇంతటితోనే మార్చాలన్న కోరిక తీరిపోతుంది. అయినా నెక్ పికప్ బురదగా వినిపిస్తే అప్పుడు మార్చు, అదీ తక్కువ అవుట్‌పుట్, ఆల్నికో అయస్కాంతం ఉన్న హంబకర్. బోలు బాడీకి ఎక్కువ అవుట్‌పుట్ పికప్‌లు పెడితే సెమీ హాలోకి ఉండే గాలి పోతుంది. కొత్తవి వేశాక స్విచ్ నడుమ పెడితే స్వరం సన్నగా, ముక్కుతో పాడినట్టు వస్తే రెండూ ఫేజ్ తప్పాయి, అంటే ఒకదాని సిగ్నల్‌కి ఇంకొకటి ఎదురు తిరుగుతోంది. నాలుగు వైర్ల పికప్ అయితే రెంటిలో ఒక్కదాని హాట్ (సిగ్నల్), ఎర్త్ కొనలు తారుమారు చేస్తే సరిపోతుంది.

బరబర చప్పుడొస్తే ఫ్రెట్‌లనే అనుమానించకు. అదే స్వరం వాయిస్తూ ఒక్కోదాన్నీ వేలితో నొక్కి చూడు: పిక్‌గార్డ్ బ్రాకెట్, పాట్ నట్టు, ట్రస్ రాడ్ కవర్, బ్రిడ్జి మీద సాడిల్ మరలని పట్టే సన్న తీగ. లోపలి వైరు వెనక పలకకి తగిలి కూడా మోగుతుంది, దానికి చిన్న స్పాంజి తొడుగు చాలు. స్టేజి మీద ఊళపెడితే ఆంప్‌కి ఎదురుగా నిలబడకు. అప్పటికీ ఆగకపోతే ఎఫ్ రంధ్రాల్లో స్పాంజి ముక్కలు దూర్చు. 1980లో గిబ్సన్ బ్లూస్ గిటారిస్టు బి.బి. కింగ్ పేరిట తెచ్చిన గిటార్‌కి ఎఫ్ రంధ్రాలే పెట్టలేదు, ఇదే బాధకి మందుగా.

తీసిన పార్టులన్నీ ఒక డబ్బాలో వేసి దాచు, అమ్మాలనుకున్న రోజు అడుగుతారు. డబ్బు కట్టేముందు షాపులోంచే వీడియో కాల్ చెయ్యి. పన్నెండో ఫ్రెట్ దగ్గర స్కేలు పెట్టి చూపించు, ఎఫ్ రంధ్రంలోకి టార్చ్ వెయ్యి, హెడ్‌స్టాక్ వెనకభాగం దగ్గరగా చూపించు.

ఇట్లు,
నీ మామయ్య