చర్చి ఆవరణలోని యుద్ధ స్మారకం: మేనకోడలికి లేఖ

చి.ల.సౌ. మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

ఇంగ్లండ్‌లోని మీ ఊరి పారిష్ కౌన్సిల్‌లో చేరగానే చర్చి ఆవరణలోని యుద్ధ స్మారకం బాగోగులు నీకు అప్పగించారనీ, నవంబరులోగా ఆ రాతి శిలువను కడిగించి, అరిగిన అక్షరాలను మళ్ళీ చెక్కించి, దాని మీద పేర్లున్నవారి గురించి ఒక చిన్న పుస్తకం వేయాలని అందరూ ఉత్సాహపడుతున్నారనీ రాశావు. ఆసుపత్రి ఉద్యోగం నుంచి విరమించాక మా ఊరిలో నేనూ ఈ పనే నెత్తిన వేసుకున్నాను కనుక నాకు తెలిసినంత చెబుతాను. నువ్వు రాసిన మూడు పనుల్లో మొదటి రెండింటికి ఏ తొందరా లేదు. మూడోదాన్ని మాత్రం ఈ వారమే మొదలుపెట్టు.

ఎందుకంటున్నానో విను. మొదటి ప్రపంచ యుద్ధంలో మరణించిన బ్రిటిష్ సైనికుల దేహాలను స్వదేశానికి తేకూడదని యుద్ధం నడుస్తుండగానే నిషేధం పెట్టారు, యుద్ధం ముగిశాక కూడా దాన్ని సడలించలేదు. ప్రభువు కొడుకైనా పాలేరు కొడుకైనా పడిన చోటనే మట్టిలో కలిశాడు. వేలాదిమందికి ఆ మట్టి కూడా ఎక్కడిదో తెలియలేదు. సమాధి తెలియనివారి పేర్లు ఫ్రాన్సులోని తీప్‌వాల్ స్మారకం ఒక్కదాని మీదే 72,000కు పైగా ఉన్నాయి. అస్థికలైనా చేతికి రాని ఇల్లు ఎలా ఉంటుందో మనవాళ్ళకు వేరే చెప్పనక్కరలేదు. 1920 ప్రాంతంలో ఊరూరా చందాలు పోగుచేసుకుని ఈ శిలువలు నిలుపుకున్నది ఆ లోటు తీర్చుకోవడానికే. కాబట్టి మీ సంఘంలో ఏ తీర్మానం వచ్చినా, ఒక సమాధి రాయి విషయంలో ఈ పని చేస్తామా అని అడిగి చూడు. చాలా వాదనలు అక్కడే తేలిపోతాయి.

ముందుగా ఆ స్మారకం ఎవరిదో తేల్చుకోవాలి. మీ ఊరిలో రెండు కౌన్సిళ్ళు ఉంటాయి: నువ్వు చేరిన పారిష్ కౌన్సిల్ స్థానిక ప్రభుత్వంలో భాగం, పారోకియల్ చర్చ్ కౌన్సిల్ చర్చికి చెందినది. స్మారకాల మీద డబ్బు ఖర్చు పెట్టే అధికారాన్ని 1923 నాటి చట్టం స్థానిక సంస్థలకు ఇచ్చింది. అధికారం ఉన్నంత మాత్రాన అది మీ ఆస్తి అయిపోదు. ఇంగ్లండ్ చర్చి ఆవరణలో నిలిచిన రాయిని మరమ్మతు చేయాలన్నా, దానిపై పేరు చేర్చాలన్నా డయోసిస్ (ఒక బిషప్ కింద ఉండే చర్చిల ప్రాంతం) న్యాయాధికారి అయిన ఛాన్సలర్ నుంచి ఫ్యాకల్టీ అనే అనుమతి తీసుకోవలసి ఉంటుంది. కొన్ని చిన్న పనులకు బిషప్ కింది అధికారి అయిన ఆర్చ్‌డీకన్ రాతపూర్వక సమ్మతి సరిపోతుంది. చర్చి వార్డెన్‌ను కలిసి, ఏ పని ఏ కోవలోకి వస్తుందో కాగితం మీద రాయించుకో. స్మారకం పరిరక్షిత కట్టడమేమో, చారిత్రక కట్టడాలను చూసే హిస్టారిక్ ఇంగ్లండ్ అనే సంస్థ జాబితాలో చూడు. దాని రూపకర్త ఎవరో కూడా కనుక్కోవాలి సుమా. సర్రేలోని బస్‌బ్రిడ్జ్ చర్చి ఆవరణలో నిరాడంబరంగా కనిపించే శిలువను రూపొందించినవాడు మన ఢిల్లీలో ఇండియా గేటును రూపొందించిన లట్యెన్సే.

ఇక కడగడం సంగతి. ప్రెషర్ వాషర్ పట్టుకుని ఉత్సాహంగా ముందుకు వచ్చే పెద్దమనిషి ప్రతి ఊరిలోనూ ఒకరుంటారు. ఆయనకు కృతజ్ఞతలు చెప్పి ఇంటికి పంపించు. ఆ నీటి దెబ్బకు నూరేళ్ళుగా గట్టిపడిన రాతి పైపొర లేచిపోతుంది, దానితోపాటే అక్షరాల అంచులూ పోతాయి. తీగల బ్రష్షు, బ్లీచింగ్, ఇసుక చిమ్మే యంత్రం, ఆమ్లాలు ఏవీ వద్దు. మనం మసాలాలో వాడే రాతిపువ్వు జాతికి చెందిన బూడిదరంగు మచ్చలు రాతి మీద కనిపిస్తాయి; పేర్లు చదవడానికి అడ్డం రానంతవరకు వాటిని అలాగే ఉండనివ్వాలి. పచ్చి నాచు మరీ పట్టి ఉంటే శుభ్రమైన నీరు, మెత్తని కుచ్చు బ్రష్షు చాలు, అది కూడా మంచు కురిసే నెలల్లో పనికిరాదు, రాతిలోకి ఇంకిన నీరు గడ్డకట్టి పెచ్చులు లేపుతుంది. అతుకుల్లో సున్నపు గార రాలిపోయి ఉంటే మళ్ళీ సున్నపు గారే పెట్టించు. సిమెంటు తేమను లోపలే బంధించి రాయిని తినేస్తుంది. అక్షరాలను తిరిగి చెక్కించడం అన్నిటికన్నా చివరి ఉపాయం, ఎందుకంటే ఉలి తగిలిన ప్రతిసారీ అసలు రాయి కొంత పోతుంది, పాత చేతిరాత మారుతుంది. పేర్లు చదవలేనంతగా అరిగితే చర్చి లోపల ఒక పలక మీద వాటిని రాయించి, బయటి రాయిని దాని మానాన ఉండనివ్వడమే నాకు మేలనిపిస్తుంది. అనుమానం వస్తే యుద్ధ స్మారకాల సంరక్షణకు పనిచేసే వార్ మెమోరియల్స్ ట్రస్టును అడుగు.

పేర్ల పని దగ్గరకు వద్దాం. ఉదయపు ఏటవాలు ఎండలో రాయికి నాలుగు వైపులా ఫొటోలు తీసి, ఉన్నది ఉన్నట్టుగా నకలు రాసుకో; అక్షరదోషమనిపించినా దిద్దవద్దు. ఇంపీరియల్ వార్ మ్యూజియం స్మారకాల పట్టికలో మీ ఊరి నమోదు ఉంటే దానితో పోల్చు. తరువాత కౌంటీ రికార్డు కార్యాలయానికి వెళ్ళి, స్మారకం కోసం ఆనాడు పెట్టుకున్న ఫ్యాకల్టీ దరఖాస్తు, సంఘం మినిట్సు, బడి లాగ్ పుస్తకాలు, ఆవిష్కరణ గురించి స్థానిక పత్రిక రాసిన వార్త అడుగు. ఎవరి పేరు ఎక్కాలో నిర్ణయించింది లండన్ కాదు, ఊరి సంఘమే. ఆ సంఘం ఎలా ఆలోచించిందో ఈ కాగితాల్లోనే దొరుకుతుంది.

యుద్ధ మృతుల సమాధులను చూసుకునే కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ పట్టికలో ప్రతి పేరునూ వెతుకుతావు కదా, అక్కడే జాగ్రత్త అవసరం. ఇంటిపేరు, పొడి అక్షరం ఒకటే అయిన మనుషులు పదులకొద్దీ తేలతారు. 1911 జనగణనలో ఆ కుటుంబం మీ ఊరిలో ఉన్నదని, ఆ కొడుకు వయసు సరిపోయిందని రూఢి అయ్యేదాకా ఎవరినీ మీ ఊరివాడిగా రాయవద్దు. సైనికుల సేవా పత్రాలు దొరకకపోతే నిరాశపడకు; 1940 సెప్టెంబరు బాంబు దాడిలో లండన్ గిడ్డంగి తగలబడి వాటిలో సగానికి పైగా బూడిదయ్యాయి, మిగిలినవి లండన్‌లో క్యూ (Kew) అనే చోట ఉన్న నేషనల్ ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. పతకాల కార్డులు, దళాల యుద్ధ దినచర్యలు కూడా అక్కడివే. దినచర్యల్లో మామూలు సిపాయి పేరు అరుదుగా కనిపిస్తుంది గానీ, అతడు పోయిన రోజున ఆ దళం ఎక్కడ ఉందో తెలుస్తుంది. తేదీల వారీగా ఒక పట్టిక వేసి చూడు: సస్సెక్స్‌లోని వాడ్‌హర్స్ట్ ఊరు 1915 మే 9న ఫ్రాన్సులోని ఓబర్స్ రిడ్జ్ పోరులో ఒక్కరోజే 20 మందికి పైగా పోగొట్టుకుంది. అలాంటి తేదీ మీ ఊరికీ ఉంటే పుస్తకాన్ని అక్షరక్రమంలో కాక తేదీల క్రమంలో వేయమంటాను.

వెతికేటప్పుడు రాయి మీద లేని పేరు ఒకటి తప్పక బయటపడుతుంది, వెంటనే చేర్పించాలని అందరికీ ఆవేశం వస్తుంది. ఆగు. తల్లిదండ్రులు వేరే ఊరికి తరలిపోయి అక్కడి స్మారకం మీద రాయించి ఉండవచ్చు. కొడుకు తిరిగివస్తాడని నమ్మిన తల్లి ఒప్పుకోకపోయి ఉండవచ్చు. లింకన్‌షైర్‌లోని ఫుల్‌స్టోలో చార్లెస్ కిర్మన్ అనే సిపాయిని సైన్యమే శిక్షగా కాల్చి చంపింది. అతడి పేరు లేని స్మారకం తమకు అక్కరలేదని ఊరివాళ్ళు పట్టుబట్టడంతో 2005 వరకు అక్కడ స్మారకమే వెలియలేదు. మరుసటి ఏడాది చట్టం అలాంటి 306 మందికి క్షమాభిక్ష ప్రకటించింది. ఆధారం గట్టిగా ఉండి, వారసులు దొరికి సమ్మతించి, ఊరు ఒప్పుకుంటేనే ఫ్యాకల్టీకి వెళ్ళు; లేదంటే ఆ పేరుకు పుస్తకంలో చోటివ్వు.

పుస్తకంలో భారతీయ సైనికుల గురించి ఒక అధ్యాయం పెట్టనా అని అడిగావు. మీ ఊరితో సంబంధం దొరికితే పెట్టు, లేకపోతే వద్దు. 4,700 మందికి పైగా భారతీయుల పేర్లతో ఫ్రాన్సులోని న్యూవ్ షాపెల్‌లో స్మారకం ఉంది, ఇంగ్లండ్‌లో బ్రైటన్ దగ్గర కొండ మీద ఛత్రీ అనే భారతీయ సైనికుల స్మారకం ఉంది, రెండు యుద్ధాలకూ మనుషులను పంపిన మిలిటరీ మాధవరం మన పశ్చిమ గోదావరిలోనే ఉంది. వాటిని గురించి విడిగా రాయడమే వారికి మర్యాద. నువ్వు పరాయిదానివని ఎవరైనా గుసగుసలాడితే పట్టించుకోకు, పేర్లను సరిగ్గా పలకడం నేర్చుకుంటే చాలు. యుద్ధ మృతులను స్మరించుకునే నవంబరు రెండో ఆదివారం వాటిని చదివే బాధ్యత నీకే రావచ్చు. ఇంగ్లీషు ఇంటిపేర్లు రాసినట్టు పలకరు గనుక ఊరి పెద్దలను ముందే అడిగి రాసుకో.

ఫొటోలు, నకలు సిద్ధం కాగానే నాకు పంపు. జనగణన పత్రాలు తిరగేసే పనిలో సగం నేను చేస్తాను.

ఇట్లు,
మీ మామయ్య