భుజం నొప్పి ప్రశ్నావళిని స్పానిష్‌లోకి అనువదించాక మళ్ళీ పరీక్షించడం ఎందుకు?

అనువాదం సరిగ్గా ఉన్నంత మాత్రాన కొలత సరిగ్గా ఉన్నట్టు కాదు. 1991లో అమెరికాలో వెలువడిన స్పాడి (భుజం నొప్పినీ దానివల్ల కలిగే ఇబ్బందినీ కొలిచే సూచిక) ప్రశ్నావళిలో నొప్పి గురించి 5, రోజువారీ పనుల్లో ఇబ్బంది గురించి 8 ప్రశ్నలుంటాయి. వాటిలో ఒకటి 10 పౌండ్ల బరువు మోయడం గురించి. స్పెయిన్ రోగికి అలవాటైనది కిలో కాబట్టి దాన్ని సుమారు 4.5 కిలోలని చెప్పాలి.

అందుకే ఇద్దరు విడివిడిగా అనువదిస్తారు, మూలం చూడని వారు దాన్ని తిరిగి ఇంగ్లీషులోకి మారుస్తారు, నిపుణులు తేడాలు సరిదిద్దాక కొందరు రోగులను కూర్చోబెట్టి ప్రతి ప్రశ్నా ఏమని అర్థమైందో అడుగుతారు. నా దృష్టిలో అన్నిటికన్నా విలువైన దశ ఇదే. వెనక జేబులోంచి వస్తువు తీయడం కష్టమా అని అడిగితే, వెనక జేబున్న దుస్తులే వేసుకోని వృద్ధురాలు ఏ అంకె వేయాలో తెలియక ఆగిపోతుందన్న సంగతి అనువాదకుడికి బల్ల దగ్గర తట్టదు.

ఆ తరువాతే లెక్కలు. భుజం స్థితి మారని రోగి వారం పది రోజులకు మళ్ళీ నింపినా దాదాపు అదే స్కోరు రావాలి (రెండుసార్లు వచ్చిన స్కోర్లు ఎంత కలిశాయో చెప్పే ఇంట్రాక్లాస్ కోరిలేషన్ అనే అంకె కనీసం 0.70 ఉండాలన్నది వాడుకలో ఉన్న ప్రమాణం), స్పానిష్‌లో ముందే నిర్ధారణ పొందిన డాష్ (చేయి, భుజం ఇబ్బందులను కొలిచేది) వంటి ప్రశ్నావళితో పొంతన కుదరాలి, చికిత్సతో నెమ్మదించిన వారి స్కోరు తగ్గి కనిపించాలి. స్పెయిన్‌లో నెగ్గిన ప్రతినైనా మెక్సికోలో వాడేముందు మాటలు సరిచూడాలి, ఎందుకంటే తలమీదుగా తొడుక్కునే స్వెటర్‌ను స్పెయిన్‌లో 'హెర్సే' అంటే మెక్సికోలో 'సుయేటెర్' అంటారు.