లడ్డుని టెంటు బయట కట్టేయకు

చి. పావనికి,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసి, సెప్టెంబరులో నువ్వూ నీ స్నేహితురాలూ నీ కుక్క లడ్డుని కారులో ఎక్కించుకుని, దారి పొడవునా టెంటు వేసుకుంటూ హిమాచల్‌లోని స్పితి లోయ దాకా వెళ్తున్నారని చెప్పింది. విన్నప్పటి నుంచి ఒకపక్క గర్వంగా ఉంది, ఇంకోపక్క టెన్షన్‌తో నిద్ర లేదు. మన ఇంటి ఆడపిల్ల సాలూరు ఘాటీ ఎక్కి, జగదల్‌పూర్, రాయ్‌పూర్ మీదుగా హిమాలయాల దాకా బండి నడుపుతుందంటే నాకెంత సంతోషమో నీకు తెలియదు. వద్దనడానికి రాయడం లేదు. ఉద్యోగం ఉన్నన్నాళ్లూ ఏజెన్సీలో పశువుల డాక్టరుగా తిరిగినదాన్ని, తెలిసింది చెప్పకుండా ఊరుకోలేను.

రేబిస్ టీకా గడువు చూసుకో, అయిపోతుంటే బయలుదేరడానికి నెల ముందే వేయించు. టీకాల పుస్తకం కారులోనే ఉండాలి. మెడబెల్టుకి బిళ్ల చేయించి నీ నంబరుతో పాటు నా నంబరూ రాయించు. కొండల్లో నీకు సిగ్నల్ లేకపోయినా నా ఫోన్ మోగుతుంది. తిండి మార్చకు, ఇంట్లో తినేదే మూటకట్టుకుని వెళ్లు. ఢాబా కూరలో ఉల్లిపాయ ఉంటుంది, అది కుక్క రక్తాన్ని పాడుచేస్తుంది. ఉడికిన ఎముకలు, చాక్లెట్, ద్రాక్ష, కిస్‌మిస్ దాని నోటి దాకా రానివ్వకు.

అద్దాలు వేసిన కారులో దాన్ని వదిలి టిఫిన్‌కి దిగారో, నేను ఊరుకోను. ఐదు నిమిషాలేగా అనకు. అద్దం రెండు వేళ్లు దించినా లాభం లేదు. కుక్కకి మామూలుగానే ఒంట్లో వేడి 101 నుంచి 102.5 డిగ్రీల ఫారెన్‌హీట్ దాకా ఉంటుంది. 106 దాటితే ప్రాణం మీదికొస్తుంది. మనలా ఒళ్లంతా చెమట పట్టదు దానికి, వగర్చి చల్లబడాలి. మన వైజాగ్ ఉక్కలో ఆ వగర్పు కూడా సరిగా పనిచెయ్యదు. నాలుక బాగా ఎర్రబడి, చొంగ చిక్కబడి, నడక తూలితే వెంటనే నీడకి తీసుకెళ్లి పొట్టా కాళ్లూ తడిసేలా మామూలు నీళ్లు పోసి విసరండి. ఐసు పెట్టకండి. కాస్త చల్లబడగానే డాక్టరు దగ్గరికి. మీలో ఒకరు తింటుంటే ఒకరు దాని దగ్గర ఉండాలి, అంతే.

రోజూ సాయంత్రం పిడుదులు వెతుకు. చెవి మడత లోపల, కాలివేళ్ల సందుల్లో, తోక కింద. రక్తం తాగి ఉబ్బితే అచ్చం ఆముదం గింజలా ఉంటాయి. చేత్తో నలపకు, చిన్న పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టుకుని నిదానంగా లాగు. తర్వాత తిండి మానేసినా, చిగుళ్లు తెల్లబడినా, ముక్కులోంచి రక్తం వచ్చినా ప్రయాణం ఆపేసి రక్తపరీక్ష చేయించు.

ఇప్పుడు అసలు సంగతి. లడ్డు తోడుంటే రాత్రుళ్లు భయం లేదు, బయట కాపలా ఉంటుంది అన్నావట మీ అమ్మతో. ఆ మాట దగ్గరే నా గుండె ఆగింది.

మీ నాన్న తన కుక్క మోతీ గురించి నీకెప్పుడూ చెప్పి ఉండడు. వాడు డిగ్రీ చదివే రోజుల్లో నాకు చింతపల్లి వైపు ఉద్యోగం. చలికాలం సెలవులకి వచ్చి, నేను పశువులకి గాలికుంటు టీకాలు వేయడానికి కొండమీది ఊళ్లకు వెళ్తుంటే మోతీని వెంటేసుకుని నాతో బయలుదేరాడు. ఒక ఊళ్లో పొద్దుపోయింది. నన్ను ఊళ్లో ఒకరింట్లో పడుకోమన్నారు. వాడు సరదాపడి ఊరి చివర పనసచెట్ల కింద టార్పాలిన్ కట్టుకున్నాడు. ఊరి పెద్ద వచ్చి "కుక్కని లోపల పెట్టుకో బాబూ" అని ఒకటికి రెండుసార్లు చెప్పాడట. "లోపల పడుకుంటే కాపలా ఎవరు కాస్తారు" అని మీ నాన్న నవ్వి, మోతీని ఇనప గొలుసుతో చెట్టుకి కట్టేశాడు. చీకటి పడ్డాక అది ఒకే వైపు చూస్తూ మూలిగింది. పడుకోమని కసిరాడు. తర్వాత అరుపు కూడా వినబడలేదన్నాడు.

పొద్దున్నే నేను వెళ్లేసరికి గొలుసు చివర తెగిన తోలుబెల్టు ఉంది, దానికి నాలుగు వెంట్రుకలు. నేను మర్చిపోలేనిది అది కాదు తల్లీ. చెట్టు మొదలు నుంచి టార్పాలిన్ వైపు, గొలుసు అందినంత మేరా, నేలంతా గోళ్లతో గీరి ఉంది. అది మీ నాన్న దగ్గరికి రావడానికే చూసింది. వాడు ఆ మట్టి దగ్గరే కూర్చుండిపోయాడు, లేపితే లేవలేదు. నువ్వు లడ్డుని తెచ్చినప్పుడు ఇంట్లో కుక్క వద్దని అంత గొడవ ఎందుకు చేశాడో ఇప్పుడు అర్థమైందా? వాడు మొరటువాడు కాడమ్మా. నేను చెప్పానని వాడితో అనకు.

చిరుతకి కుక్క సులువైన వేట. ఇక్కడ మా మధురవాడ పక్కన కంబాలకొండలోనూ చిరుతలున్నాయి, నువ్వు వెళ్లే హిమాచల్ కొండల్లోనూ ఉన్నాయి. అక్కడి గొర్రెలకాపరులు తమ కుక్కల మెడకి ముళ్లున్న ఇనపపట్టీలు వేస్తారు, చిరుత పట్టేది మెడనే గనక. చీకటి పడకముందే లడ్డు పనులన్నీ అయిపోవాలి. రాత్రి టెంటులో మీ ఇద్దరి మధ్య పడుకోవాలి, జిప్పు మూసి. అర్ధరాత్రి బయటికి తీసుకెళ్లాల్సి వస్తే ఇద్దరూ టార్చిలైటు వేసుకుని వెళ్లండి, తాడు చేతికి చుట్టుకుని. అది ఒకవైపు చూసి మూలిగితే కసరకు, లేచి కారులో పడుకోండి. తిండి సామాను టెంటులో పెట్టకండి. కాపరుల మందల దగ్గర టెంటు వేయకండి, ఆ కుక్కలు లడ్డుని బతకనివ్వవు.

దారిలో కన్హా పులుల అడవి చూద్దామనుకుంటే ఆశ వదులుకో, కుక్కల్ని లోపలికి రానివ్వరు. దాన్ని ముక్కూమొహం తెలియని వాళ్లకి అప్పగించి వెళ్లకు. మనాలీ 2,000 మీటర్ల ఎత్తు, కుంజుం కనుమ 4,500 దాటుతుంది. లడ్డు సముద్రం ఒడ్డున పుట్టిన పొట్టి బొచ్చు కుక్క. మనాలీలో రెండు మూడు రాత్రులు ఆగి నెమ్మదిగా ఎక్కండి. దానికొక స్వెటరు, కింద పరుపు ముక్క ఉండాలి.

వెళ్లేముందు మా డాబా మీద టెంటు వేసి రెండు రాత్రులు పడుకోండి. గాలికి గుడ్డ కొట్టుకునే చప్పుడు దానికి అలవాటు కావాలి. వంట నేను చేస్తాను. మందుల సంచి కూడా నేనే సర్ది ఇస్తాను. వచ్చేముందు లడ్డు బరువు తూయించి తీసుకురా, మోతాదులు బరువుని బట్టే రాయాలి.

మీ అత్త