వీడియోలో కాదు అల్లుడూ, చేతిలోకి తీసుకుని చూడు

ఒరే అల్లుడూ, నీ వీడియో చూసాను, గాజువాకలో మేడ మీద అసిల్ జాతి కోళ్ళని బానే పెంచుతున్నావు గానీ బ్రీడింగ్‌కి ఏది ఉంచాలన్నది వీడియోలో తేలదురా. రాత్రి గూట్లో పడుకున్నాక ఒక్కోదాన్నీ తీసి చంకలో పెట్టుకుని రొమ్ము ఎముక మీద పైనుంచి కిందకి వేలు రాయి. గీత గీసినట్టు తిన్నగా ఉండాలి, వంకర తగిలితే ఆగు.

అది రక్తంలోంచి వచ్చిందా, మన పెంపకంలో వచ్చిందా, అదే చూసుకోవాల్సింది. పిల్లప్పుడే సన్న కర్ర మీద కూచున్నా, కాల్షియం చాలకపోయినా ఆ ఎముక వంగుతాది. రెండు పిల్లలకి కాళ్ళు చెరో పక్కకి పోయాయన్నావు, నువ్వు కింద పరిచినవి న్యూస్‌పేపర్లు కదేటి, జారి అలా అవుతాయి, గోనెసంచి పరువు. నల్ల పెట్టకి తలుపులో పడి వేలు తెగిందని అమ్మేస్తానంటావేటి, తెగిన వేలు పిల్లలకి రాదు, ఉంచుకో. ముక్కు కత్తెరలా పక్కకి పోయినదాన్ని మాత్రం ఎంత అందంగా ఉన్నా గుడ్లకి ఉంచకు.

అందం దగ్గరే నేను దెబ్బతిన్నాను. హుద్‌హుద్ తుఫాను రాకముందు, 2014కి ముందన్నమాట, భీమిలిలో నా దగ్గర ఒక డేగ పుంజు, అంటే ఎర్ర రంగుది, ఉండేది, ఎండలో నిలబడితే రాగి చెంబులా మెరిసేది, తోక కొంచెం ఎడమకి ఒరిగినా పర్లేదులే అనుకున్నాను, పైగా దాని కూతుళ్ళని మళ్ళీ దానికే జోడీ వేశాను, ఇంకేముంది సగం దొడ్డి ఎడమ తోకలే. వదిలించుకోడానికి మూడేళ్ళు పట్టింది, మీ అత్త ఇప్పటికీ దెప్పుతాది.

ఇంకోటి, అసిల్‌కి మూడు వరసల పొట్టి తురాయి ఉండాలి కదా, నీ పిల్లల్లో ఒకదానికి రంపంలా నిలువు తురాయి వచ్చిందన్నావు. ఆ పిల్లని తీసేస్తే అయిపోదు, తల్లీ తండ్రీ ఇద్దరిలోనూ అది దాగుంటేనే బయటపడతాది, ఆ జోడీని విడదీసేయ్. పక్కింటి నాటు పుంజు గోడ దూకిందేమో అంటావేమో, దూకినా సరే నీ పెట్టలో లేకపోతే రాదు.

గూని వీపు పెట్టకి గుంట వీపు పుంజుని వేస్తే లెక్క సరిపోతాదనుకోకు, తిన్నని వీపు పుంజునే వెయ్యి.

రంగులు ఆఖర్న చూద్దాం, ముందు జబ్బు పడకుండా ఎదిగినవేవో పక్కన పెట్టు. ఆదివారం వస్తాను, ఈలోపు ఏ పిల్ల ఏ పెట్టదో తెలిసేలా కాళ్ళకి రంగు రింగులు వెయ్యి, కాలు లావయ్యేకొద్దీ మార్చాలి, బిగిసిపోతే కోసుకుపోతాది.

మీ మావయ్య