అద్దె స్టూడియోకి అప్పుడే పరిగెత్తకు

విజయనగరం

అల్లుడూ,

విశాఖలో మీ రాక్ బ్యాండు వాళ్ళు స్టూడియో బుక్ చేశారని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. పాటలేవీ తయారు కాలేదట, అక్కడ జామ్ చేస్తే, అంటే అందరూ కలిసి అప్పటికప్పుడు తోచింది వాయిస్తూ పోతే, కొత్త సౌండ్ అదే వస్తుందన్నావట. రావచ్చు. కానీ గడియారం చూసుకుంటూ వాయించేవాడి చేతికి పాత ముక్కలే తగులుతాయి. కొత్తది తగిలేలోపు చాలాసేపు చెత్త వాయించాలి. ఆ చెత్తకి గంటల లెక్కన అద్దె దేనికి? మా మేడ మీద గది ఖాళీగానే ఉంది. గోడలకి పాత పరుపులు ఆనించండి. నవ్వకు, 1968లో జర్మనీలోని కొలోన్‌లో మొదలైన కాన్ అనే బ్యాండు పాత సినిమా హాల్లో గోడల నిండా పరుపులు కొట్టుకునే వాయించేది. గంటల తరబడి జామ్ చేస్తే, వాళ్ళ బేస్ గిటార్ వాద్యకారుడు హోల్గర్ చుకాయ్ ఆ టేపులు కత్తిరించి అతికించి పాటలు చేసేవాడు.

మొదట ఒకే కార్డ్ (కలిపి మోగించే స్వరాల గుత్తి) మీద పది నిమిషాలు వాయించండి. విసుగొస్తుంది, రానీ. దిగే చోటు మాత్రం ముందే అనుకోండి. కచేరీలో అప్పటికప్పుడు అల్లే కల్పనస్వరం ఎన్ని మలుపులు తిరిగినా పాట ఎత్తుకున్న చోటికి, అదే ఎత్తుగడకి, వచ్చి పడుతుంది కదా, 1919 నాటి మన మ్యూజిక్ కాలేజీ ఉన్న ఊరివాడివి, నీకు చెప్పాలా! డ్రమ్స్ మీద ఫలానా రోల్ (గబగబా వరస దెబ్బలు) పడగానే అందరూ మొదటి కార్డ్‌కి రావాలి.

నీ చేయి గిటార్ వాల్యూమ్ మీదకే పోతుందని నాకు తెలుసు. నువ్వు పెంచితే డ్రమ్మర్ బాదుతాడు, బేస్ వాడూ పెంచుతాడు, పావుగంటకి ఎవరిది ఎవరికీ వినపడదు. పాడే అమ్మాయి అరవకుండా వినిపించాలి, అదే కొలత.

మీ డ్రమ్మర్‌ది ఆమదాలవలస వైపు కదా, తప్పెట వాయిస్తూ ఆడే మన జానపద నృత్యం తప్పెటగుళ్ళు చూసే ఉంటాడు. గుండెకి కట్టిన తప్పెట మీద చేతి దెబ్బ ఆగినచోట కాలి గజ్జెలు పైకి తేలతాయి. తప్పెట తెచ్చి రాక్ పాటలో అతికించమనను, ఆ అతుకులు నాకు నచ్చవు. స్నేర్ డ్రమ్ దెబ్బ పడాల్సిన చోట ఒకటి వదిలేసి, హైహ్యాట్ తాళాల్ని వినిపించమను చాలు.

మా ఆర్కెస్ట్రా రోజుల్లో ఓ సాయంత్రం ప్రాక్టీసులో కరెంటు పోయింది. కీబోర్డు, గిటార్ మూగబోయాయి. డ్రమ్మర్ ఆగలేదు, పాడేవాడు గొంతు తగ్గించి దాదాపు మాటల్లా పాడాడు. కరెంటు రాగానే బేస్ ఒక్కటే మెల్లగా కలిసింది. అంత బాగా మేమెప్పుడూ వాయించలేదు. బ్యాటరీల మీద నడిచే టేప్‌రికార్డర్‌లో అదంతా పడింది కూడా. మర్నాడు ఆ కేసెట్ మీదే నేను రేడియో పాటలు ఎక్కించాను! ఇప్పటికీ తలుచుకుంటే ఒళ్ళు మండుతుంది.

అందుకే ఫోన్‌లో రికార్డింగ్ పెట్టి డ్రమ్స్‌కి దూరంగా ఉంచండి. ఆ రాత్రే వినకండి, వాయించిందంతా బంగారంలా అనిపిస్తుంది. రెండు రోజులయ్యాక విని, 'పన్నెండో నిమిషం, బేస్' అని కాగితం మీద రాసుకోండి. గంటలో ఇరవై సెకన్లు దొరికితే మంచి రోజే. తర్వాతి జామ్ అక్కడి నుంచే ఎత్తుకోండి. అలాంటివి నాలుగు చేతిలో ఉన్నాక విశాఖ వెళ్ళండి.

ఆదివారం వచ్చేయండి. తీగలు ఇంకో సెట్టు తెచ్చుకో. టీలు మీ అత్త చూసుకుంటుంది గానీ, రాత్రి తొమ్మిది దాటితే కింద వాటా వాళ్ళు ఊరుకోరు.

మీ మావయ్య