జిప్సీ కొనే ముందు కిందికి దూరి చూడు

చి. కార్తీక్‌కి,

జయనగర్ నుంచి మామయ్య ఆశీస్సులు.

"వాడు పాత జీపేదో కొంటాడట, నువ్వైనా చెప్పరా" అని మీ అమ్మ రాత్రి ఫోన్ చేసింది. వద్దని చెప్పమని ఆమె ఉద్దేశం. నేను వద్దనను. నీ వయసువాళ్లంతా ఈఎమ్ఐల మీద తెల్ల ఎస్‌యూవీలు తెచ్చుకుంటుంటే నువ్వు 2004 మారుతి జిప్సీ కింగ్ మీద మనసు పడ్డావంటే నాకు లోపల సంతోషంగానే ఉంది. కాని నువ్వు పంపిన ఫోటోల్లో బండి కింది భాగం ఒక్కదాంట్లోనూ లేదు. పైగా నంబరు కేఏ-19. అంటే మంగళూరు బండి. సముద్రపు గాలి, నాలుగు నెలల వాన. అందుకే ఈ ఉత్తరం.

పాత జిప్సీలు కొనేవాళ్లు తరతరాలుగా చేస్తున్న తప్పు ఒకటే. బానెట్ ఎత్తి ఇంజను చూస్తారు, పెయింటు మెరుపు చూస్తారు, డబ్బులు లెక్కపెట్టేస్తారు. ఒరేయ్, ఆ 1298 సీసీ ఇంజనుకి ఏమైనా భయం లేదు. మారుతి ఎస్టీమ్ కారులో ఉన్నదీ ఆ కుటుంబమే, బెంగళూరు జేసీ రోడ్డు సామాను కొట్లలో అడిగితే సామాను దొరుకుతుంది. ఛాసిస్, అంటే బండిని మోసే కింది ఇనుప చట్రం, అలా దొరకదు. తుప్పు తిన్న ఛాసిస్‌కి అతుకులేసి, పైన నల్లటి అండర్‌కోటింగ్ దట్టంగా కొట్టి "ఫుల్లీ రీస్టోర్డ్" అని అమ్ముతారు. కింద తారులా తళతళలాడుతుంటే మెచ్చుకోకు, అనుమానించు. ఇరవై ఏళ్ల బండికి కింద దుమ్ము, పాత గ్రీజు ఉండటమే మర్యాద.

చిన్న సుత్తి, టార్చి, పల్చటి గుడ్డ చుట్టిన అయస్కాంతం తీసుకెళ్లు. వెనక చక్రాల పైన ఛాసిస్ వంపు తిరిగే చోట, కమాన్ కట్టలు తగిలించే బ్రాకెట్ల దగ్గర, బాడీని పట్టుకునే మౌంట్ల దగ్గర మెల్లగా కొట్టుకుంటూ పో. మంచి ఇనుము ఠంగుమంటుంది. తిన్నది దబ్‌మని మొద్దుగా పలుకుతుంది, పెచ్చులు రాలతాయి. ఛాసిస్ డబ్బాలా మూసి ఉంటుంది కాబట్టి లోపల చేరిన బురద తడి పట్టుకుని లోపలి నుంచే తింటుంది. పైకి బాగున్నా నీరు కారే రంధ్రంలో వేలు పెట్టి చూడు, ఎర్ర పొడి వస్తే లెక్క వేరు. తర్వాత మ్యాట్లు లేపి ఫ్లోరు, అద్దం ఫ్రేము కింది మూలలు, తలుపుల అడుగు. అయస్కాంతం అంటుకోని చోట ఉన్నది రేకు కాదు, పుట్టీ. రేకు పనైతే టింకరింగ్‌వాడు చూసుకుంటాడు, బేరం ఆడు. ఛాసిస్‌లో తుప్పు కనిపిస్తే మాత్రం బేరం కూడా వద్దు, మంచినీళ్లు తాగి వచ్చెయ్.

కాగితాలు నీకు తెలిసినవే: ఛాసిస్ నంబరు ఆర్‌సీతో సరిపోవాలి, 15 ఏళ్ల తర్వాత చేయించిన రిజిస్ట్రేషన్ రెన్యువల్ ఇప్పటికీ నడుస్తుండాలి. 20 ఏళ్లు దాటిన కార్లకు ఆ ఫీజు 2025లో పెంచారు, అదీ బేరంలో కలుపుకో.

ఇక నన్ను నిద్రపోనివ్వనిది, ముందు చక్రాల ఊపు. వేగం అరవై దాటాక ఒక గుంటలో పడితే స్టీరింగ్ చేతుల్లో కొట్టుకోవడం మొదలవుతుంది, బండి ఆగేదాకా ఆగదు. "బ్యాలెన్సింగ్ చేయిస్తే పోతుంది సార్" అంటారు, నమ్మకు. ముందు జాకీ వేసి చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపు. ఆట, అంటే వదులు, ఉంటే ఇంకొకణ్ణి బ్రేకు తొక్కమను. తొక్కగానే ఆట పోతే వీల్ బేరింగు, పోకపోతే కింగ్‌పిన్ (స్టీరింగ్ తిప్పితే చక్రం పక్కకి తిరిగే కీలు) బేరింగులు. అవి మార్చి, షిమ్‌లు (సందు సరిచేసే పల్చటి రేకులు) చూసి బిగించాలి. చక్రం లోపలివైపు నకిల్ అనే గుండ్రటి ఇనుప గుబ్బ చుట్టూ గ్రీజు పల్చబడి నూనెలా కారుతుంటే యాక్సిల్ సీలు కూడా పోయినట్టే.

1985లో వచ్చిన మొదటి జిప్సీకి 970 సీసీ ఇంజను, నాలుగు గేర్లు. ఆ బక్క బండే పోలీసు స్టేషన్ల ముందు, అడవి చెక్‌పోస్టుల్లో, హిమాలయాల ర్యాలీల్లో ఎక్కడ చూసినా ఉండేది. టన్ను లోపు బరువు, కింద నిచ్చెన ఛాసిస్, చేత్తో మార్చే లో గేరు. బురదలో పెద్ద బళ్లు కూరుకుపోయే చోట ఇది తేలిపోయేదంటే కారణం ఆ తక్కువ బరువే. తర్వాత కుడి ఎడమ చక్రాల మధ్య దూరం కాస్త పెంచారు, అయినా ఇది ఎత్తుగా, సన్నగా ఉండే బండే. అందుకే చెప్తున్నా, బండి ఎత్తు పెంచే లిఫ్ట్ కిట్ వేసి లారీ టైర్లు తొడిగావంటే మా ఇంటి గుమ్మం తొక్కకు. ఘాట్ మలుపులో తిరగబడేది అలాంటి బళ్లే. కంపెనీ నుంచి వచ్చినట్టే ఉన్న జిప్సీలు రోజురోజుకీ తగ్గిపోతున్నాయి, దాని విలువంతా అక్కడే ఉంది. ఆర్మీ పచ్చ రంగు ఆశ కూడా వదులుకో, అది సైన్యానికి తప్ప ఎవరికీ చట్టం ఒప్పదు.

కొన్న వారంలో టైమింగ్ బెల్టు, ఇంజను, గేర్‌బాక్సు, ముందు వెనక ఇరుసులకి శక్తి పంచే ట్రాన్స్‌ఫర్ కేసు, రెండు డిఫరెన్షియల్‌ల (మలుపులో చక్రాల్ని వేర్వేరు వేగంతో తిరగనిచ్చే గేర్లు) ఆయిళ్లు మార్పించు. పెట్రోలు గొట్టాలన్నీ ఎథనాల్ తట్టుకునే రకం వేయించు. ఇప్పుడు బంకుల్లో పోసేది ఇ20, అంటే ఇరవై శాతం ఎథనాల్ కలిపిన పెట్రోలు, పాత రబ్బరు మెత్తబడి పగులుతుంది, వేడి ఇంజను మీద పెట్రోలు కారుతుంది.

ఫోర్ వీల్ గేరు పొడి తారు రోడ్డు మీద వెయ్యకు. ముందు వెనక ఇరుసుల మధ్యలో డిఫరెన్షియల్ లేదు. మలుపులో ముందు చక్రాలు ఎక్కువ దూరం తిరగాలి, తిరగలేక మెలి పడి లివర్ బిగుసుకుపోతుంది. అలా అయితే గుంజకు, నాలుగడుగులు వెనక్కి పోనివ్వు, వదులవుతుంది.

వెనక పక్కవాటు సీట్లలో మీ అమ్మని ఎప్పుడూ కూర్చోబెట్టకు, ముందు సీటు ఆమెదే. నోటికొచ్చినట్టు తిట్టినా ఆమే మొదట ఎక్కుతుంది, చూడు.

అమ్మేవాడికి ఒక్క మాట ముందే చెప్పు: మేం వచ్చేదాకా బండి స్టార్ట్ చెయ్యొద్దని. చల్లటి ఇంజను మొదటిసారి ఎలా అందుకుంటుందో, నీలం పొగ వస్తుందో లేదో నాకు చూడాలి. ఆదివారం పొద్దున ఆరింటికి నన్ను ఎక్కించుకో. టోకెన్ డబ్బు మాత్రం అప్పటిదాకా ఒక్క రూపాయి పంపకు.

మీ మామయ్య